గుట్టు విప్పకుండా సస్పెన్స్ నవల మీద స్పందన రాయడం

సస్పెన్స్ నవల మీద స్పందన రాసేవాళ్ళకు మిగతా నవలల్లో లేని చిక్కు ఒకటుంది. పుస్తకం మూసేసరికి గుట్టు తెలిసిపోతుంది. తెలిసిన మరుక్షణం నుంచీ, తెలియనప్పుడు ఎలా చదివామో గుర్తుండదు. ఉదాహరణకు, 112వ పేజీలో మేనేజరు అనే పాత్ర మీద గట్టిగా అనుమానపడ్డవాళ్ళే చివరి పేజీ దాటాక "మొదట్నుంచీ నా డౌటు డాక్టరు మీదే" అంటారు. అబద్ధమాడుతున్నారని కాదు, వాళ్ళకు నిజంగానే అలా అనిపిస్తుంది. ఆ పాత అనుమానాలు చెరిగిపోయాక ఇక రాయడానికి మిగిలేది "ఏకబిగిన చదివించింది, ఊహించని మలుపులు, చివరిదాకా ఉత్కంఠ". ఈ మూడు ముక్కలూ ఏ నవలకైనా అతుకుతాయి, కాబట్టి ఏ నవల గురించీ ఏమీ చెప్పవు.

స్పందన అంటే తెలియనప్పటి మనసు నమోదు. దాన్ని చదువుతుండగానే పట్టుకోవాలి.

చదువుతున్నప్పుడు

ఒక చీటీ చాలు, ఫోనులో నోట్ అయినా సరే. 320 పేజీల నవలైతే 80, 160, 240 పేజీల దగ్గర ఆగండి. ప్రతిసారీ మూడు సంగతులు రాయండి: ఒకటి, ఇప్పుడు అనుమానం ఎవరి మీద, అది ఏ పేజీలో ఏ మాట వల్ల పుట్టింది; రెండు, ఏ ప్రశ్నకు జవాబు కోసం పేజీలు తిప్పుతున్నారు; మూడు, ఎక్కడ విసుగొచ్చింది. రెండు నిమిషాలకు మించి తీసుకోకండి. అంతకన్నా ఎక్కువసేపు ఆగితే చదువు ఊపు పోయి, కథ నెమ్మదిగా నడుస్తోందన్న అపవాదు అన్యాయంగా రచయిత మీద పడుతుంది.

సరిగ్గా అధ్యాయం ముగిసిన చోట ఆగకండి. అక్కడ రచయిత కొక్కెం వేసి ఉంటారు: తలుపు చప్పుడు, సగం చదివిన ఉత్తరం, "అప్పుడు చూసిందామె" అన్న వాక్యం. ఆ వేడిలో రాసింది ఎప్పుడూ పొగడ్తే అవుతుంది. తర్వాతి అధ్యాయం రెండు పేజీలు చదివి ఆగండి. తలుపు తట్టింది పక్కింటి మనిషి, వచ్చింది గొడుగు తిరిగివ్వడానికి అని తేలితే అది ఉత్తుత్తి కొక్కెం. నవలంతటిలో అలాంటివి రెండు మూడు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఏడెనిమిదైతే మాత్రం రచయితకు కథ మీద నమ్మకం లేదన్నమాట, ఆ సంగతి స్పందనలో రాయదగ్గదే.

ఈ-బుక్‌లో చదివేవాళ్ళు శాతాన్ని గుడ్డిగా నమ్మకూడదు. చివర్లో కృతజ్ఞతలు, అదే రచయిత తర్వాతి నవలలోంచి మొదటి అధ్యాయం లాంటివి చేర్చి ఉంటే కథ 93 శాతం దగ్గరే అయిపోవచ్చు. ఇంకా చాలా ఉందనుకుంటుండగా ఠక్కున ముగిసిపోయి, ముగింపు హడావుడిగా ఉందనిపిస్తుంది. ఆ తప్పు నవలది కాదు, ఫైలుది. ముందే విషయసూచిక చూసి చివరి అధ్యాయం ఎక్కడుందో తెలుసుకోండి, అందులో అధ్యాయాల పేర్లు మాత్రం చదవకండి. ఆడియోలో వినేవాళ్ళు 1.5 వేగంతో విని ఉంటే, నడక గురించి మాట్లాడేటప్పుడు ఆ మాట చెప్పడం న్యాయం.

వెనక అట్ట మీది పరిచయాన్ని నవల పూర్తయ్యాకే చదవండి. కథలో మూడో వంతు దాకా జరిగే సంగతులు అక్కడే చెప్పేసే పుస్తకాలున్నాయి. ఒక పాత్ర మాయమవుతుందని అట్ట చెప్పేస్తే, ఆ పాత్ర మాయమయ్యే 90వ పేజీ దాకా మీరు చదివేది సస్పెన్స్ కాదు, ఎదురుచూపు.

ఇంకో సంగతి. అనుమానం రాసుకునేటప్పుడు అది ఏ దారిన వచ్చిందో కూడా రాయండి. తడిసిన బూట్లు చూసి డాక్టరును అనుమానించడం వేరు. "ఇంత మంచివాడుగా చూపిస్తున్నారంటే వీడే అయ్యుంటాడు" అని అనుమానించడం వేరు. మొదటిది ఆధారంతో పట్టుకోవడం, రెండోది వాటం చూసి పట్టుకోవడం. ఇంకా 60 పేజీలున్నాయి కాబట్టి ఇప్పుడు దొరికినవాడు దొంగ కాదనుకోవడం కూడా రెండో రకమే. ఈ తరహా నవలలు యాభై చదివినవాళ్ళు వాటంతోనే చాలావాటిని పట్టేస్తారు. "ముందే ఊహించేశాను" అని ఊరికే రాస్తే, మొదటిసారి ఇలాంటి నవల పట్టుకునే పాఠకుడికి దానివల్ల ఉపయోగం లేదు.

మూసిన వెంటనే, ఆ తర్వాత

పుస్తకం మూశాక మిగతావాళ్ళ అభిప్రాయాలు చూడకముందే పది నిమిషాలు కూర్చుని తోచింది తోచినట్టు రాయండి. వాక్యాలు కుదరకపోయినా పర్లేదు. ఇతరుల మాట ఒక్కటి చదివినా మీ అభిప్రాయం దానికి అనుకూలమో వ్యతిరేకమో అయిపోతుంది, మీది కాకుండా పోతుంది.

దాన్ని అప్పుడే బయటపెట్టకండి, ఒక రోజు ఆగండి. ముగింపు అదిరిపోయిన నవలకు ఆ రాత్రి ఐదు నక్షత్రాలు పడతాయి. మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటుండగా "అవునూ, ఆ తాళంచెవి అసలు అతని దగ్గరికెలా వచ్చింది?" అన్న ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్నకు నవలలో జవాబుందో లేదో వెతకడమే రెండో విడత పని.

ఈ పనిని ఎక్కువమంది వదిలేస్తారు. నవలంతా మళ్ళీ చదవక్కర్లేదు, నలభై యాభై పేజీలు చాలు: మొదటి అధ్యాయం, నేరం చేసినవాళ్ళు కథలో కనబడే మొదటి మూడు సన్నివేశాలు, వాళ్ళను ప్రశ్నించే ఘట్టం, మీరు అనుమానించిన మనిషి మీంచి అనుమానం తొలగిపోయిన చోటు. చదువుతూ మూడు చూడండి. ముడి విప్పడానికి కావలసిన ఆధారం ముందే కళ్ళబడిందా, లేక ఆఖరి పది శాతంలో ఆకాశం నుంచి ఊడిపడిందా? ఎవరి మనసులోంచి కథ చెబుతున్నారో ఆ మనిషికి తెలిసిన విషయాన్ని రచయిత కావాలని దాటేశారా? దర్యాప్తు చేసే మనిషి ఆలోచించి కనుక్కున్నారా, అదృష్టం కలిసొచ్చిందా?

ఇవి ఇవాళ పుట్టిన కొలతలు కావు. డిటెక్టివ్ కథలు రాసిన ఇంగ్లండ్ మతాచార్యుడు రోనాల్డ్ నాక్స్ 1929లో పది నియమాలు ప్రకటించాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలి, డిటెక్టివ్‌కు కాకతాళీయం తోడు రాకూడదు, దొరికిన ఆధారాన్ని పాఠకుడికి దాచకూడదు అన్నవి వాటిలో కొన్ని. ఎలరీ క్వీన్ పేరుతో వరసకు అన్నదమ్ములైన ఇద్దరు రాసిన తొలి నవలలైతే ఒకచోట కథ ఆపేసి, కావలసిన ఆధారాలన్నీ ఇచ్చేశాం, ఇక మీరే చెప్పండి అని పాఠకుడికి సవాలు విసురుతాయి. ఈనాటి నవల ఏదీ ఈ నియమాలకు కట్టుబడక్కర్లేదు. కానీ చదివాక "మోసపోయాను" అనిపిస్తే, అది సరదాగా మోసపోవడమా, ఒళ్ళుమండేలా మోసపోవడమా అన్నది తేల్చేది ఈ కొలతలే.

రెండోసారి చూసేటప్పుడు ఆధారాన్ని ఎలా దాచారో గమనించండి. లాడ్జిలో హత్య జరిగిన కథ ఒకటి ఊహించుకుందాం. వానరాత్రి, లోపల యజమానురాలు కాక నలుగురు, పొద్దున్నే యజమానురాలు గదిలో శవమై కనిపిస్తుంది. డాక్టరు ఆ రాత్రంతా గది దాటలేదంటాడు. 34వ పేజీలో ఒక వాక్యం: "మెట్ల కింద చిరిగిన గొడుగు, పాత పత్రికల కట్ట, తడిసిన బూట్లు, కాలు విరిగిన కుర్చీ పడి ఉన్నాయి." వెంటనే ఫోను మోగుతుంది. కళ్ళు ఫోను వెంట పరిగెడతాయి. ఆ బూట్లు డాక్టరువి, కానీ నాలుగు వస్తువుల వరసలో మూడోది, మొదటిదీ కాదు చివరిదీ కాదు. దానికి తోడు వెనకే ఒక చప్పుడు. న్యాయంగా దాచడమంటే ఇది. అదే వాక్యం 290వ పేజీలో మొదటిసారి వచ్చి ఉంటే అది దాచడం కాదు, ఇవ్వకపోవడం.

ఏ కొలతతో కొలుస్తున్నారు

నవల ఏ రకమో తేల్చుకోకుండా తీర్పివ్వకండి. ఎవరు చేశారన్న ప్రశ్న మీద నడిచేది మిస్టరీ. ఏం జరగబోతోందన్న భయం మీద నడిచేది సస్పెన్స్. సమయం మించకముందే తప్పించుకోవాలి, ఆపాలి అన్న పరుగు మీద నడిచేది థ్రిల్లర్. చాలా నవలల్లో మూడూ కలగలిసే ఉంటాయి, అయినా బరువు ఒకదాని మీదే ఉంటుంది. సస్పెన్స్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్, ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోతో మాట్లాడుతూ చెప్పిన ఉదాహరణ దీనికి బాగా పనికొస్తుంది. బల్ల కింద బాంబుందని ప్రేక్షకులకు చెప్పకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఆశ్చర్యం దక్కుతుంది. ముందే చూపించి, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళతో పిచ్చాపాటీ మాట్లాడిస్తే పదిహేను నిమిషాల సస్పెన్స్ దక్కుతుంది.

మూడో అధ్యాయంలోనే హంతకుడి పేరు చెప్పేసిన నవలను "సస్పెన్స్ లేదు, ముందే తెలిసిపోయింది" అని కొట్టిపారేస్తుంటారు. ఆ నవల అడిగే ప్రశ్న ఎవరన్నది కానే కాదు, దొరుకుతాడా లేదా అన్నది. మీ చీటీలో రెండో గడి, అంటే పేజీ ఎందుకు తిప్పుతున్నారన్నది, ఇక్కడే అక్కరకొస్తుంది. మూడు చోట్లా మీరు రాసుకున్న ప్రశ్న "తర్వాత ఏమవుతుంది" అయితే దాన్ని మిస్టరీ కొలతతో కొలవకండి.

భాష లీక్ చేసేవి

రాయడానికి కూర్చున్నాక అసలు ప్రమాదం ఇక్కడుంది. కథ చివర చెప్పేయకూడదని అందరికీ తెలుసు. కానీ మన వ్యాకరణమే చెప్పేస్తుంటుంది.

తెలుగు క్రియ ఆడో మగో బయటపెడుతుంది. "హంతకుడు ఎంత తెలివిగా తప్పించుకున్నాడో" అనగానే నలుగురు అనుమానితుల్లో ఇద్దరు ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. "హంతకులు" అంటే ఒకరికన్నా ఎక్కువమందా అన్న ఊహ పుడుతుంది. "నేరం చేసిన వ్యక్తి" అని మొదలుపెట్టినా చివర క్రియ దగ్గర దొరికిపోతారు. నేరం చేసినవాళ్ళను వాక్యానికి కర్తగా పెట్టకపోవడమే దీనికి మందు. "ముడి విడిన తీరు", "నిజం బయటపడ్డ ఘట్టం", "హత్య వెనక కారణం" అనండి. కర్త ముడి అయితే క్రియ నోరు జారదు.

గౌరవం మారితే గుట్టు రట్టే. మొదటి పేరాలో డాక్టరు "ఆయన", నాలుగో పేరాకొచ్చేసరికి "అతను", చివర్లో "వాడు". రాసేవాళ్ళకు తెలియకుండానే జరిగిపోతుందిది. ఎందుకంటే రాసేటప్పటికి ఆ మనిషి మీద గౌరవం పోయింది. ప్రతి పాత్రకూ ఒక్క సర్వనామం ఎంచుకుని చివరిదాకా అదే వాడండి.

"ట" ఇంకా ప్రమాదం. "ఆ రాత్రి డాక్టరు గదిలోనే ఉన్నాడట" అంటే మీరు నమ్మడం లేదని చెప్పినట్టే. "గదిలోనే ఉన్నాడు" అంటే నవలలోని అబద్ధానికి మీరు సాక్షి సంతకం పెట్టినట్టు. రేపు నవల చదివినవాళ్ళు మిమ్మల్ని నిలదీస్తారు. "గదిలోనే ఉన్నానంటాడు" అనండి. నలుగురి మాటలూ అదే వరసలో రాయండి, ఒక్కరి మాటనే అలా రాస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

"పాపం ఆ మేనేజరు" అన్నారో, మేనేజరు నిర్దోషి అని తీర్పు చెప్పేశారు. "చెల్లెలి పాత్ర చాలా సరదాగా ఉండేది" అంటే ఆ చెల్లెలు బతికి లేదు. నవలలో జరిగేదంతా వర్తమానంలో చెప్పుకుంటూ పోతే ఈ రెండో గొడవ ఉండదు. లెక్కలు కూడా చూసుకోండి: నలుగురున్న లాడ్జి గురించి "ముగ్గురు అనుమానితులు" అని రాస్తే నాలుగో మనిషి ఎవరా అని చదివేవాళ్ళు వెతుకుతారు.

ఇక పొగడ్తలు. ఈ వాక్యం చూడండి: "అందరితో ఆప్యాయంగా ఉండే డాక్టరు పాత్రను రచయిత ఎంతో తెలివిగా మలిచారు." చెడ్డమాట ఒక్కటీ లేదు, అయినా కథ కంచికి చేరిపోయింది. ఆప్యాయంగా ఉండే మనిషిని మలచడానికి తెలివెందుకు? పోనీ "34వ పేజీ జాగ్రత్తగా చదవండి" అంటే సాయం చేసినట్టుంటుంది గానీ, ఆ పేజీ కొచ్చేసరికి పాఠకుడు ఫోను మోతను వదిలేసి బూట్లు చూస్తాడు. రచయిత పడ్డ శ్రమంతా గంగలో కలిసింది. ఇలా రాయొచ్చు: "మొదటి వంద పేజీల్లో నలుగురి మీదా అనుమానం తిరిగింది. గుమ్మడికాయ దొంగ అంటే నలుగురూ భుజాలు తడుముకునేవాళ్ళే. పూర్తయ్యాక వెనక్కి తిరగేస్తే నేను చూసి కూడా చూడని ఆధారాలు ఏడు దొరికాయి, అన్నీ సగం నవలలోపే." ఇందులో సంఖ్య ఉంది, చోటు ఉంది, మీ అనుభవం ఉంది. ఎవరి పేరూ లేదు.

"చివర్లో ట్విస్ట్ ఊహించలేరు" అన్న మాట కూడా లీకే. ట్విస్ట్ ఉందని తెలిసిన పాఠకుడు ఆఖరి యాభై పేజీల్లో ఏదీ నమ్మడు. మామూలుగా ముగిసినట్టనిపించిన చోట తెరిపిన పడాల్సిన మనిషి, అక్కడా కాపలా కాస్తూ కూర్చుంటాడు.

ఎంత, ఏ వరసలో

తెలుగులో 400 నుంచి 500 మాటలు సరిపోతాయి. కథ చెప్పడానికి అందులో 80కి మించి ఖర్చుపెట్టకండి. చెప్పే కథ కూడా నవల మొదటి పాతిక శాతం లోపలిదే అయ్యుండాలి, అంటే 320 పేజీల్లో 80వ పేజీ దాటి జరిగేది ఏదీ రాకూడదు. రెండో హత్య 150లో జరిగితే, రెండో హత్య ఉందన్న సంగతే చెప్పకండి.

మొదటి వాక్యంలో పుస్తకం మీకేం చేసిందో పెట్టండి. కథాసారాంశంతో మొదలుపెట్టినవి సారాంశంలోనే మునిగిపోతాయి. తర్వాత చీటీలు బయటకు తీసి, ఎక్కడ బిగిసింది, ఎక్కడ సడలింది, ఎందుకు అన్నది 200 మాటల దాకా రాయండి. "నెమ్మదిగా ఉంది" అనకండి; "160 నుంచి 205 దాకా కొత్త ఆధారం ఒక్కటీ రాలేదు, ప్రశ్నించినవాళ్ళనే మళ్ళీ ప్రశ్నించారు" అనండి. మిగతాది ఆధారాల న్యాయం, భాష, ఎవరికి నచ్చుతుందన్నది. పిల్లల మీద హింస, ఆత్మహత్య లాంటివి ఉంటే ఒక ముక్క హెచ్చరించాలి, కానీ ఎవరికి జరుగుతుందో చెప్పకండి. "కథలో ఆత్మహత్య ప్రస్తావన ఉంది" చాలు. చావును ఆత్మహత్యగా నమ్మించడమే నవల ఆడే ఆట అయితే, ఈ హెచ్చరిక కూడా కింద స్పాయిలర్లు, అంటే గుట్టు విప్పే మాటలు, మొదలయ్యే గీత తర్వాతకి వెళ్ళాలి, పైన "కొందరిని కలతపెట్టే సంగతులున్నాయి, వివరం కింద" అని మాత్రం ఉండాలి.

ముగింపు నచ్చకపోతే

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందని చెప్పే హక్కు మీకుంది, ఎలుక పేరు చెప్పే హక్కు లేదు. లోపం ఏ జాతిదో చెప్పండి: కారణం నేరానికి సరిపోలేదు, విప్పడం అంతా ఒకే మనిషి పదిహేను పేజీల ఉపన్యాసంగా సాగింది, కాకతాళీయం మీద ఆధారపడింది, ముందు లేని సమాచారం ఆఖర్న వచ్చింది. ఇవేవీ గుట్టు విప్పవు. "కారణం సరిపోలేదు" అనొచ్చు. "ఆస్తి కోసమే ఇంత చేశారా" అంటే వారసులు ఎవరో చూసుకుంటారు.

ముగింపును విప్పి మాట్లాడకపోతే చెప్పాల్సింది చెప్పలేకపోతారనుకుంటే దాన్ని విడి భాగంగా, అట్టడుగున పెట్టండి. "ఇక్కణ్ణుంచి స్పాయిలర్లు" అన్న ఒక్క మాట చాలదు, ఏ నవలకో కూడా రాయాలి. ఒక నవల గురించి మాట్లాడుతూ ఇంకో నవల ముగింపుతో పోల్చేసి, రెండూ పాడుచేసేవాళ్ళున్నారు. హెచ్చరిక తర్వాత నాలుగైదు ఖాళీ వరసలు వదిలినా ఫోన్లలో అవి కుదించుకుపోవచ్చు. అందుకని హెచ్చరికకూ గుట్టుకూ మధ్య గుట్టు లేని రెండు వాక్యాలు అడ్డం పెట్టడం మేలు.

ముగింపు తెలిస్తే మాత్రం కొంపలేం మునుగుతాయి అనేవాళ్ళూ ఉన్నారు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 చిన్నకథలతో చేసిన ప్రయోగంలో, ముగింపు ముందే చెప్పిన కథల్నే పాఠకులు ఎక్కువ ఇష్టపడ్డారు. తర్వాత వేరేవాళ్ళు చేసిన వాటిలో వ్యతిరేక ఫలితాలూ వచ్చాయి. ఏదెలా ఉన్నా, తెలిసి చదవాలా తెలియకుండా చదవాలా అన్నది చదివేవాళ్ళు తేల్చుకోవలసింది. లండన్‌లో 1952 నుంచి ఆడుతున్న అగాథా క్రిస్టీ నాటకం 'ది మౌస్‌ట్రాప్'లో, ఆట ముగిశాక గుట్టు బయట చెప్పవద్దని నటులే ప్రేక్షకులను అడుగుతారు.

బయటపెట్టే ముందు ఒక పరీక్ష. నవల చదవని మనిషికి మీ స్పందన ఇచ్చి, "ఇది చదివితే నీకు ఎవరి మీద అనుమానం?" అని అడగండి. "ఏమో, ఎవరైనా కావచ్చు" అంటే ఇబ్బంది లేదు. తడుముకోకుండా సరైన పేరు చెబితే, ఏ వాక్యం వల్ల అలా అనిపించిందో కూడా అడగండి. చాలాసార్లు వేలు పెట్టి చూపించేది మీరు బాగా కుదిరిందని మురిసిపోయిన వాక్యాన్నే. దాన్ని కొట్టేయండి.